ఎనిమిది మిల్లీమీటర్లు

దేవరకొండల, ఖిలా తొవ్వల నా లేత్ షెడ్డు.
బోరు పంపుల నడుమ బతికినోణ్ణి.
మోటరు కాలిందంటే తీగ చుట్టిచ్చిన,
నీళ్లు ఎక్కుతలేవంటే చక్రం మార్చిచ్చిన.
పడవ పని నా దగ్గరికెందుకొస్తది?

వచ్చింది, మంగళారం,
ట్రాలీ ఆటోల గోనెపట్టా కింద
పాచి వాసనతోని ఒక కంచు చక్రం.
వెనకనే ఉపేందరు, ముక్కు మీద కోపం.
"కొచ్చి నుంచి పెద్దది తెప్పించిన సైదులన్నా,
పాతదానికంటె వేలెడెక్కువ.
పెద్ద చక్రానికి పెద్ద ఉరుకు రావాలె గద?
దున్నపోతు తీరు మూలుగుతుంది."

సాగర్ వెనక నీళ్ల కాడికి పోయినం.
ఆడ నీళ్ల కింద తాటి మొద్దులున్నయి, నీళ్ల మీద వలలున్నయి.
రెక్కల పడవ పెడితే రోజుకొక వల, రోజుకొక తగాద,
అందుకే ఈ జెట్టు పడవ:
కడుపుల నీళ్లు గుంజుకొని వెనకకు ఉమ్ముతది,
బయటికి ఒక్క రెక్క కనబడదు.

"మోకు తెచ్చి బండకు కట్టు" అన్న.
"కట్టేస్తే ఉరుకు ఎట్ల తెలుస్తది?" నవ్విండు ఉపేందరు.
ఈ పడవ గుణమే అది.
ఒడ్డుకు కట్టినా, నడినీళ్లల్ల ఇడిసినా
ఇంజను చుట్లల్ల పెద్ద తేడా రాదు.
దానికి తొవ్వ బరువు తెల్వదు, చక్రం బరువే తెలుసు.

గ్యాసు మొత్తం ఇచ్చిన.
ముల్లు ఇరవైతొమ్మిది వందల కాడ కూసుంది.
ఇంజను బలమంతా నాలుగు వేల దగ్గరున్నది,
ఆడిదాక పోనిస్తే గద చక్రం!

మిర్యాలగూడ రైసుమిల్లు వెనక
మా గౌసుద్దీన్ ఉస్తాద్ అంటుండె:
"చుట్లు రెండింతలడిగితే బరువు నాలుగింతలడుగుతది బేటా.
చక్రం ఆకలి చూడు, తర్వాత ఇంజను చెయ్యి చూడు.
పెట్టే చెయ్యి చిన్నదైతే
పెద్ద నోరు ఇద్దర్నీ పండబెడ్తది."
నాకు లెక్కలతోని పనిలేదు.
మర్రిగూడ బోరునీళ్లు తాగి వంగిన మోకాళ్లు నావి.
ఎత్తలేని మూటంటే ఏందో
మెదడుకంటె ముందు వాటికి తెలుస్తది.

లేత్ మీద ఎక్కించిన.
మొదటి కోత అయిదు.
కంచు పొట్టు పచ్చగ, సుడులు సుడులుగ రాలుతుంటే
ఉపేందరు చక్రం దిక్కు కాదు,
తన ఎనబై వేల దిక్కు చూస్తున్నట్టు చూసిండు.
రాలిందంతా ఏరి బిస్కట్ పుడ మూటకట్టిండు.
"ఇంకింత కొయ్యే అన్నా."
ఆగమన్న.
ఎక్కువ కోస్తే ఇంజను ఉత్తగ అరుస్తది,
చుట్లుంటయి, నూకుడు ఉండదు.
కంచు గోరు కాదు మల్ల పెరగనీకె.

కట్టి చూసినం. ముప్పైనాలుగు వందలు.
విప్పినం, మల్ల దేవరకొండ, మల్ల లేత్.
చీకటిపడ్డంక ఇంకో మూడు.

శుక్రారం పొద్దుగాల
ముల్లు ముప్పైతొమ్మిది వందలు దాటింది.
మోకు గట్టిగ గుంజుకొని వీణ తీగయింది,
బండ కింద మట్టి కదిలింది.
ఉపేందరు మోకు ఇప్పలే, కోసేసిండు.
పడవ ముక్కు లేపి, మల్ల దించి,
నీళ్ల మీద ఇస్త్రీ పెట్టె తీరు జారిపోయింది.
చిన్నదైన చక్రం.

ఒడ్డు మీద వల కుడుతున్న ఎర్రాయమ్మ,
వైజాగ్ కాలనీ ఆమె, తలెత్తి అడిగింది:
"జోరు బాగుంది బాబూ.
మా వలల కాడ నెమ్మదిగా ఎల్తదేటి ఇది?"

చెప్పబోయి ఆగిన.
గ్యాసు ఇడిస్తే నీళ్లు ఉమ్మదు,
ఉమ్మకుంటే మలగదు.
ఉరికినంతసేపే అది మాట వింటది.

ఇది లేత్ మీద కోసేది కాదు.
ఆమె సూది ఆపి నా దిక్కే చూస్తుంది.
నా అంగీ జేబుల ఒక కంచు సుడి
ఎప్పుడు పడ్డదో, గుచ్చుకుంటుంది.